నుదుటికి రాసిన ప్రకటన

ఇంట్లో పచ్చళ్లో, పొడులో చేసి అమ్ముతున్నారా? నలుగురికీ తెలిసేలా ఏం రాయాలో తోచడం లేదా? అయితే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి కథ వినండి.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన ఆయన, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మందు కొత్తది, ఊరు పరాయిది. డబ్బిచ్చి ఎవరు కొంటారు? అందుకే పంతులుగారు సంగీత కచేరీలకి వచ్చినవాళ్లకి దాన్ని ఉచితంగా పంచిపెట్టారు. కాగితం మీద రాసే ప్రకటన కన్నా ముందు నుదుటికి రాసుకునే ప్రకటన అన్నమాట! వాడి చూసినవాళ్లకి నమ్మకం కుదిరింది. అమ్మకాలు పెరిగాయి.

ఆ రాబడే 1908లో ఆంధ్రపత్రికకి ఊపిరి పోసింది. బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. జనం 'దేశోద్ధారక' అని పిలుచుకున్న పంతులుగారు 1938లో కన్నుమూశారు.

మనకి పనికొచ్చేది ఒక్కటే. అద్భుతం, అమోఘం అని రాస్తే ఎవరూ నమ్మరు. ఏ పచ్చడి, కారం ఎంత, ఎన్నాళ్లు నిలవుంటుంది, ధరెంత - ఇవి రాయండి చాలు. ఓ చెంచాడు రుచి కూడా చూపించండి. మిగతా మాట తిన్నవాళ్లే చెప్పుకుంటారు.