బొగ్గు కోసం వచ్చి రాకాసి గుళ్లు చూసిన కింగు దొర

దుమ్ముగూడెం: సింగరేణి గనుల్లో దిగిన కార్మికులకు ‘కింగ్ సీమ్’ అంటే తెలియనిది కాదు. ఆ బొగ్గు పొరకు ఆ పేరు రావడానికి కారకుడు డాక్టర్ విలియం కింగ్. ఆయన బొగ్గునే గాక, గోదావరి ఒడ్డున ఉన్న పురాతన సమాధులను కూడా లోకానికి తెలియజేశారన్న సంగతి మాత్రం మన ప్రాంతంలో చాలామందికి తెలియదు.

కింగ్ తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆయన ఐర్లండులోని గాల్వే కళాశాలలో భూగర్భశాస్త్ర ఆచార్యులు. జర్మనీలో దొరికిన ఆదిమ మానవుని ఎముకలను పరిశీలించి, అది మనకంటే వేరైన జాతి అని తేల్చి, 1864లో దానికి నియాండర్తల్ మానవుడని శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే.

కుమారుడు 1857లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరారు. 1863 సెప్టెంబరులో సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫూట్‌తో కలిసి మద్రాసుకు సమీపాన అత్తిరంపాక్కం వద్ద రాతియుగపు పనిముట్లు కనుగొన్నారు. తరువాత కడప, కర్నూలు కొండలు సర్వే చేసి, ఆపై గోదావరి లోయకు వచ్చారు.

ఆ రోజుల్లో దుమ్ముగూడెం ఒడ్డు ఆంగ్లేయులది, ఆవలి ఒడ్డు నిజాం ప్రభువులది. పడవల రాకపోకల కోసం దుమ్ముగూడెం వద్ద తలపెట్టిన ఆనకట్ట, కాలువ పనులను ప్రభుత్వం 1871లో నిలిపివేసింది. అదే ఏడు కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నారు. 1889లో అక్కడ తవ్వకం ప్రారంభమైంది.

నదికి ఎగువన, ఆవలి ఒడ్డున మంగపేట వద్ద అడవిలో ఆయనకు మరొకటి కనిపించింది. బండలతో కట్టిన సమాధులు, వాటి నడుమ శిలువ ఆకారంలో చెక్కిన నిలువు రాళ్లు. మన పల్లెల్లో ఇటువంటి వాటిని రాకాసి గుళ్లు అంటారు. ఇటువంటి శిలువ రాళ్లను కాటాపూర్, మాలూరు వద్ద 1868 నాటికే ముల్హెరాన్ అనే సర్వే ఉద్యోగి గుర్తించారు. అవి క్రైస్తవులు నిలిపినవని కొందరు పండితులు తలచారు. కింగ్ మాత్రం వాటిని చరిత్రకు పూర్వపు సమాధులతో జతపరిచి, 1877లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించారు.

తరువాతి పరిశోధకులు కింగ్ దారినే నడిచారు. ఆ రాళ్లు మనిషి రూపాలనీ, అడ్డంగా ఉన్నవి చేతులనీ వారి అభిప్రాయం. కొన్నింటిపై స్త్రీ రూపం స్పష్టంగా ఉంది. ఇనుము వాడకం నేర్చిన జనం, రెండు వేల ఏళ్లకు పైబడిన కాలంలో తమ వారిని పాతిపెట్టిన చోట్లవి. వినుకొండ నుంచి జానంపేట వరకు తెలుగునాట ఇటువంటి సమాధులు అనేకం ఉన్నాయి.

ఈ సమాధుల్లో సాధారణంగా దొరికేవి ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. లంకెబిందెల ఆశతో బండలు పెకలించిన వారికి చేతికి వచ్చేది కుండ పెంకులే. ఏ వస్తువు ఏ లోతున, దేని పక్కన ఉందో తెలిస్తేనే కాలం లెక్క తేలుతుంది. ఒకసారి కదిలిస్తే ఆ ఆధారం తిరిగి రాదు.

గోదావరి లోయపై కింగ్ గ్రంథం 1881లో వెలువడింది. 1887 నుంచి 1894 వరకు ఆయన భూగర్భ సర్వే శాఖకు అధిపతిగా పనిచేశారు. ఆయన కనుగొన్న బొగ్గు తవ్వేకొద్దీ తరిగిపోయేది. ఆయన చూసిన రాళ్లు, కదిలించకుండా ఉంచితే, ఇంకా ఎన్నో తరాలకు నిలిచేవి.