పనిముట్లు చేసిన పంతులు – గ్యారీ కిల్డాల్

కంప్యూటరు మీట నొక్కగానే, విండోసో లైనక్సో కండ్లు తెరవకముందే, లోపల ఒక చిన్న ప్రోగ్రాము మేలుకొంటుంది. మెమరీని తడిమి చూస్తుంది, కీబోర్డును పలకరిస్తుంది, డిస్కు ఎక్కడున్నదో వెతికి పని దానికి అప్పజెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఈ ప్రోగ్రాము బోర్డు మీది చిప్పులోనే కాపురముంటుంది గనుక దీన్ని ఫర్మ్‌వేర్ అంటారు. పాత మిషన్లలో దాని పేరు బయాస్. ఈ బయాస్ అనే మాటను, దాని వెనకాల ఉన్న ఊహను లోకానికి ఇచ్చినవాడు గ్యారీ కిల్డాల్. కంప్యూటర్ల చరిత్ర చదివినవారికి ఆయన కొత్తవాడేమీ కాదు. కాని చాలామందికి ఆయన విమానమెక్కి షికారుకు పోయి కోట్లు పోగొట్టుకున్న మనిషిగానే తెలుసు. ఆ సంగతి తర్వాత చూద్దాం. దానికంటె మన విద్యార్థులకు అక్కరకొచ్చే కథ ఆయన బతుకులో వేరే ఉన్నది.

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్ నగరంలో పుట్టినాడు. వాళ్ళది ఓడలు నడిపే విద్య నేర్పే కుటుంబం. తాతతండ్రులు నడిపిన నౌకాయాన పాఠశాలలో, నడిసముద్రంలో నక్షత్రాలను చూసి ఓడ ఎక్కడున్నదో లెక్కగట్టడం నేర్పేవారు. కుర్రవాడు కూడా ఆ బడిలోనే కొంతకాలం పాఠాలు చెప్పినాడు. లెక్కల పంతులు కావాలని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడ కంప్యూటరు రుచి మరిగి, దారి మార్చుకున్నాడు. వియత్నాం యుద్ధకాలం గనుక సైనికసేవ తప్పలేదు. అదృష్టవశాత్తు తుపాకి బదులు సుద్దముక్క చేతికొచ్చింది. కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణంలో నేవీ వారి పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూలులో అధ్యాపకుడైనాడు. 1972లో డాక్టరేటు పొందినాడు. మరుసటి ఏడాది ఆయన ప్రచురించిన ఒక పరిశోధనపత్రం, కంపైలరు ప్రోగ్రామును ఎట్లా చక్కదిద్దాలనే విషయం మీద, ఈనాటికీ కంపైలర్ల పాఠ్యగ్రంథాల్లో ఆయన పేరుతోనే వస్తుంది. ఈ ఒక్కటి తప్ప ఇంకేమీ చేయకపోయినా ఆయన పేరు నిలిచేదే.

1971 నవంబరులో ఇంటెల్ కంపెనీ 4004 అనే చిప్పును బజారులోకి తెచ్చింది. గోరంత ముక్కలో 2300 ట్రాన్సిస్టర్లు. క్యాలిక్యులేటర్ల కోసం పుట్టిన చిప్పు అది. కిల్డాల్ దీన్ని చూసి ముచ్చటపడ్డాడు. తండ్రి బడిలో చేతితో గంటలకొద్దీ చేసే ఆ త్రికోణమితి లెక్కలను ఒక చిన్న పెట్టె చేత చేయించవచ్చునని ఆయన ఆశ. కాని చిప్పు ఉంటే సరిపోతుందా? దానికి కీబోర్డు లేదు, తెర లేదు, డిస్కు లేదు, కంపైలరు అసలే లేదు. ప్రోగ్రాము రాసేది ఎక్కడ, రాసింది పరీక్షించేది ఎట్లా?

మన సిరిసిల్ల మగ్గాల సంగతి ఎరిగినవారికి ఈ చిక్కు వేరే చెప్పనక్కరలేదు. బట్ట నేసే పొద్దు కంటె నేతకు సిద్ధంచేసే పొద్దే ఎక్కువ. పడుగు పోయాలె, గంజి పెట్టాలె, పోగుపోగునూ అచ్చులోంచి తీయాలె. అప్పుడుగాని నాడె ఆడదు. ఫర్మ్‌వేర్ రాయడంలోనూ ఇంతే. రాసేచోటు ఒకటి, నడిచేచోటు ఇంకొకటి. నడిచేచోట ఏ వసతీ ఉండదు గనుక రాసేచోటనే అన్నీ అమర్చుకోవాలె.

కిల్డాల్ చేసిన పని ఏమంటే, తమ స్కూలులో ఉన్న ఐ.బి.ఎం. 360 అనే పెద్ద కంప్యూటరు మీద 4004 చిప్పుకు ఒక అనుకరణ ప్రోగ్రాము, అనగా సిమ్యులేటరు, రాసుకున్నాడు. పెద్ద మిషను చిన్న చిప్పులాగ నటిస్తుంది. అందులో ప్రోగ్రామును ఒక్కొక్క అడుగు నడిపించి ఎక్కడ తప్పుతున్నదో చూడవచ్చు. ఇది లేకుంటే? ప్రోగ్రామును ప్రోమ్ చిప్పులోకి ఎక్కించి చూడటమే దిక్కు. ఆనాటి 1702 అనే చిప్పులో పట్టేది 256 బైట్లు. తప్పొస్తే దాని నెత్తిమీది గాజుకిటికీని అతినీలలోహిత దీపం కింద పెట్టి చెరిపి, మళ్ళీ మొదటినుంచి రాయాలె. ఒక్క అక్షరం తప్పుకు అంత తంతు!

ఇంటెల్ వారికి ఈ పంతులు పని నచ్చింది. ఆయన వారానికి ఒకరోజు అక్కడికి పోయి సలహాదారుగా పనిచేయసాగినాడు. తర్వాత వచ్చిన 8008, 8080 చిప్పులకూ సిమ్యులేటర్లు రాసినాడు. 1973లో పి.ఎల్./ఎం. అనే భాషను తయారుచేసినాడు. చిప్పులకు ప్రోగ్రాములు రాయడానికి వచ్చిన మొదటి ఉన్నతస్థాయి భాషల్లో ఇది ముఖ్యమైనది. దీని కంపైలరు ఫోర్ట్రాన్‌లో రాసి పెద్ద కంప్యూటరు మీదనే నడిపేవారు. బయటికొచ్చే సంకేతాలు మాత్రం చిన్న చిప్పువి. దీన్నే ఇప్పుడు మనం క్రాస్ కంపైలరు అంటున్నాం. అదే కాలంలో మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారు 1969 నాటి టి.డి.సి.-12తో మొదలుపెట్టి సొంత కంప్యూటర్లు చేస్తుండిరని ఇక్కడ గుర్తుచేసుకుంటే తప్పులేదు.

అయితే పెద్ద కంప్యూటరు మీద ఆధారపడటం కిల్డాల్‌కు నచ్చలేదు. చిన్న మిషను తన పని తానే చేసుకోగలగాలె గదా! ఆనాడు చిన్న మిషను మీద పనిచేసేవారి పాట్లు చూడండి. ఎడిటరును కాగితపు టేపునుంచి ఎక్కించాలె. మన ప్రోగ్రాము టేపు చదివించి, దిద్ది, కొత్త టేపు గుద్దించాలె. తర్వాత అసెంబ్లరు టేపు ఎక్కించి, మన టేపును దానికి ఒకటికి రెండుసార్లు చదివించి, యంత్రభాష టేపును బయటికి తీయాలె. టెలిటైపు సెకనుకు పది అక్షరాలే చదివేది. నాలుగు కిలోబైట్లు ఎక్కడానికి దాదాపు ఏడు నిమిషాలు. పొద్దంతా పనిచేస్తే దిద్దిన తప్పులు నాలుగో అయిదో.

షుగార్ట్ కంపెనీ ఫ్లాపీ డ్రైవొకటి కిల్డాల్ చేతికొచ్చింది. దానిని చిప్పుకు కలిపే సర్క్యూటు మాత్రం ఆయనకు కుదరలేదు. చాలాకాలం అది ఊరికే పడి ఉన్నది. చివరికి జాన్ టొరోడ్ అనే మిత్రుడు ఆ కంట్రోలరు కట్టిపెట్టినాడు. 1974లో పసిఫిక్ గ్రోవ్ ఊళ్ళో డిస్కు తిరిగింది, దానిమీద కిల్డాల్ రాసిన సి.పి./ఎం. అనే ఆపరేటింగ్ సిస్టం నడిచింది. దీన్ని ఇంటెల్ వారికి చూపిస్తే వారు పి.ఎల్./ఎం. చాలు, ఇది మాకెందుకన్నట్టు ఊరుకున్నారు. అప్పుడు కిల్డాల్, భార్య డొరొతీ కలిసి సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్ అని పేరు. కొత్త దుకాణానికి మరీ పెద్ద పేరనుకున్నారేమో, తర్వాత ఉత్త డిజిటల్ రీసెర్చ్‌గా మిగిలింది.

ఇక బయాస్ సంగతి. కొత్త కంపెనీలు తలా ఒక మిషను చేయసాగినై. ఒకరి డిస్కు ఇంకొకరి డిస్కులాగ ఉండదు. ప్రతిసారీ మొత్తం సిస్టం తిరగరాయవలసి వచ్చేది. 1976లో ఇంసాయ్ అనే కంపెనీ మిషను కోసం మళ్ళీ ఇదే పని తగిలేసరికి కిల్డాల్‌కు విసుగొచ్చినట్టుంది. మిషనును బట్టి మారే భాగాన్నంతా కోసి ఒక్కచోట కుప్పవేసి, దానికి బయాస్ అని పేరు పెట్టినాడు. మిగతాది ఏ మిషను మీదనైనా ఒక్కటే. సి.పి./ఎం. 2.2లో ఈ బయాస్ మొదట పదిహేడు జంపు ఆజ్ఞల పట్టిక ఉంటుంది: కీబోర్డునుంచి ఒక అక్షరం తే, తెరమీద ఒక అక్షరం పెట్టు, ఫలానా ట్రాకుకు పో, ఫలానా సెక్టారు చదువు, ఇట్లా. కొత్త మిషను చేసినవాడు ఈ పదిహేడు పనులు రాసిస్తే చాలు, వేలాది ప్రోగ్రాములు దానిమీద నడుస్తై.

రాసివ్వడానికి పనిముట్లు కూడా ఆ డిస్కులోనే పెట్టి ఇచ్చినాడు. నా దృష్టిలో అసలు గొప్పతనం ఇక్కడున్నది. ఇ.డి. అనే ఎడిటరులో బయాస్ రాసుకో. ఎ.ఎస్.ఎం. అసెంబ్లరుతో హెక్స్ ఫైలు చెయ్. నీ మిషనులో ఎంత మెమరీ ఉంటే అంతకు సరిపడేటట్టు సిస్టం బొమ్మను మూవ్‌సి.పి.ఎం. తయారుచేస్తుంది, దాన్ని డిస్కు మీద దాచిపెట్టు. డి.డి.టి. అనే డిబగ్గరులోకి ఆ బొమ్మను పిలిచి, దానిలో పాత బయాస్ ఉన్న జాగలో నీ హెక్స్ ఫైలును పరచు. సిస్‌జెన్‌తో డిస్కు మొదటి రెండు ట్రాకుల మీదికి ఎక్కించు. రీసెట్ మీట నొక్కు. లేచిందా, సరే. లేవలేదా, మళ్ళీ ఇ.డి. దగ్గరికి. పావు మెగాబైటు పట్టే ఎనిమిదంగుళాల డిస్కు ఒక్కటే పూర్తి కార్ఖానా. పెద్ద కంపెనీ గడప తొక్కకుండా, గ్యారేజీలో కూర్చున్న మనిషి కూడా సొంత మిషనుకు సొంత ఫర్మ్‌వేర్ రాసుకోగలిగినాడు.

ఇప్పుడు ఆ విమానం కథ. 1980లో ఐ.బి.ఎం. వారు తమ చిన్న కంప్యూటరుకు సిస్టం కోసం పసిఫిక్ గ్రోవ్ వచ్చినారు. కిల్డాల్‌కు విమానం నడపడం సరదా, నిజమే. ఆ రోజు మాత్రం పోయింది షికారుకు కాదు, ఇంకొక వ్యాపారి దగ్గరికి పనిమీద. బేరసారాలు మామూలుగా డొరొతీయే చూసేది. ఐ.బి.ఎం. వారు ముందు పెట్టిన రహస్యపత్రం మీద సంతకానికి ఆమె, వకీలు జంకినారు. మధ్యాహ్నం తర్వాత ఏం మాట్లాడుకున్నారో చెప్పేవారు తలా ఒకరకంగా చెప్పినారు. జరిగింది మాత్రం ఇదీ: ఐ.బి.ఎం. మైక్రోసాఫ్ట్ దగ్గరికి పోయింది. మైక్రోసాఫ్ట్, సియాటిల్ కంపెనీ ఒకదానిలో టిమ్ ప్యాటర్సన్ రాసిన సిస్టంను కొని అమ్మింది. దాని పిలుపులు సి.పి./ఎం. పిలుపుల పోలికనే ఉండినై. కిల్డాల్ అభ్యంతరం చెప్తే ఐ.బి.ఎం. తన మిషను మీద సి.పి./ఎం.-86 కూడా అమ్ముతామన్నది. అమ్మింది కూడా, 240 డాలర్లకు. పక్కనే డాస్ ధర 40 డాలర్లు. కొనేవాడు ఏది కొంటాడు?

1981 ఆగస్టులో వచ్చిన ఆ ఐ.బి.ఎం. పి.సి. బయాస్‌ను 8 కిలోబైట్ల రోమ్‌లోకి ఎక్కించింది. పేరు మాత్రం కిల్డాల్ పెట్టిందే.

తర్వాత కూడా ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1985లో గ్రోలియర్ విజ్ఞానసర్వస్వం సి.డి. మీదికి వచ్చిందంటే ఆయన పూనికే. టెలివిజనులో కంప్యూటర్ల కార్యక్రమానికి సహవ్యాఖ్యాతగా చాన్నాళ్ళు కనిపించినాడు, ఎదుటివాణ్ణి ఎత్తిపొడవడం ఎరగని మెత్తని మాటతీరుతో. 1991లో కంపెనీని నోవెల్ వారికి అమ్మినారు. డబ్బుకు కొదువలేదు. కాని ఎక్కడికి పోయినా ఆ విమానం కథే అడిగేవారు. మాతృవిశ్వవిద్యాలయం ఉత్సవానికి పిలిచి, ముఖ్యోపన్యాసం చదువు మధ్యలో మానేసిన బిల్ గేట్స్ చేత చెప్పిస్తే, అక్కడ డాక్టరేటు చేసిన మనిషికి ఎట్లుంటుంది? చివరి ఏండ్లలో మద్యం కూడా ఆయన్ను కుంగదీసింది. 1994 జూలైలో మాంటెరేలో ఒక బారులో తలకు దెబ్బతగిలి, మూడు రోజులకు, 11న, చనిపోయినాడు. యాభైరెండేండ్లు.

చావుకు ముందు ఏడాది ఆయన తన జ్ఞాపకాలు రాసి దగ్గరివారికి పంచినాడు. అందులో మొదటి భాగాన్ని 2016లో కుటుంబం అనుమతితో కాలిఫోర్నియా కంప్యూటరు హిస్టరీ మ్యూజియం బయటపెట్టింది. పసిఫిక్ గ్రోవ్‌లో ఆయన కంపెనీ ఉన్న ఇంటి దగ్గర 2014లో ఐ.ఇ.ఇ.ఇ. వారు ఒక ఫలకం పెట్టినారు. అదే ఏడాది సి.పి./ఎం. తొలిరూపాల మూలప్రతులను మ్యూజియం అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

బయాస్ స్థానంలోకి ఇప్పుడు యు.ఇ.ఎఫ్.ఐ. వచ్చింది. దాని మూలప్రతి కూడా ఇ.డి.కె.-2 పేరుతో ఉచితంగానే దొరుకుతుంది. జగిత్యాల జె.ఎన్.టి.యు. కాలేజీలోనో, బాసర ట్రిపుల్ ఐటీలోనో, మన హాస్టలు గదిలోనో ఒక లైనక్సు ల్యాప్‌టాపు ఉంటే, జి.సి.సి. కంపైలరు, నాస్మ్ అసెంబ్లరు, ఐ.ఎ.ఎస్.ఎల్., పైథాన్ ఎక్కించుకొని దాన్ని కట్టవచ్చు. కట్టినదాన్ని నిజమైన బోర్డు మీదికి ఎక్కించి పాడుచేసుకోకుండా ముందు క్యూ.ఇ.ఎం.యు. అనే సిమ్యులేటరులో నడిపి చూడవచ్చు. మొదటిసారి కట్టేటప్పుడు ఏదో ఒక పనిముట్టు తక్కువైందని అది మొరాయిస్తుంది, అప్పుడు కంగారుపడొద్దు. అదంతా ఎందుకు, మూలమే చూద్దామనుకునేవారు సి.పి./ఎం. 2.2ను ఏ ఎమ్యులేటరులోనైనా లేపి, పైన చెప్పిన వరుసలో ఒక బయాస్ మార్చి చూడండి. ఒక సాయంత్రం పని.