గణితవేత్త ఆయిలర్

స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున 1707లో లియొనార్డు ఆయిలర్ జన్మించెను. మతబోధకుడైన తండ్రి, కుమారుడును తన మార్గముననే నడువవలెనని తలచెను. కాని గణితాచార్యుడగు యోహాన్ బెర్నూలీ బాలుని ప్రతిభ నెఱిగి తండ్రిని ఒప్పించెను. ఆయిలర్ 1727లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు చేరి, అచ్చటి విజ్ఞాన పరిషత్తులో ప్రవేశించెను.

1729లో మిత్రుడు గోల్డ్‌బాక్ ఒక లేఖలో ఆయనకొక సమస్యను తెలిపెను. 3, 5, 17, 257, 65537 అను వరుసను చూడుడు. ఒక సంఖ్యనుండి 1 తీసివేసి, మిగిలినదానిని వర్గము చేసి, 1 కలిపినచో తరువాతి సంఖ్య వచ్చును. ఈ ఐదును ప్రధాన సంఖ్యలు. ఈ వరుసలోనివన్నియు అట్టివే యని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మియుండెను. ఆరవ సంఖ్య 4294967297. అదియు ప్రధాన సంఖ్యయో కాదో దాదాపు నూరేండ్లు ఎవరును తేల్చలేకపోయిరి.

మహాపండితుని మాట యని ఆయిలర్ ఊరకుండలేదు. ఆ సంఖ్య 641, 6700417ల లబ్ధమని 1732లో చూపెను. దాని భాజకమేదైనను 64చే భాగించిన 1 శేషించునని పిమ్మట నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలలో 193, 257, 449, 577ల తరువాతిదే 641. కావున ఐదు భాగహారములతోనే సత్యము తేలును!

1738లో ఆయన కుడికంటి చూపు పోయెను. 1771 నాటికి రెండవ కన్నును దాదాపు చీకటియయ్యెను. అయినను 1772లో, ముప్పదియొక్క రెండ్ల లబ్ధమునుండి 1 తీసివేయగా వచ్చు 2147483647 ప్రధాన సంఖ్యయే యని నిర్ధారించెను. ఆనాటికి తెలిసిన ప్రధాన సంఖ్యలలో అదియే మిక్కిలి పెద్దది. 1783లో మరణించువఱకు ఆయన గణితమును విడువలేదు.

ఎంతటివారు చెప్పినను పరీక్షించియే గ్రహింపవలెనని ఆయన జీవితము మనకు బోధించుచున్నది.