గాయని ఉమ్ కుల్సూమ్

ఈజిప్టు దేశమున నైలునది పాయలుగా చీలి సముద్రమును చేరు సారవంతమైన ప్రాంతమునందు తమాయ్ అజ్జహాయిరా అను చిన్న పల్లె కలదు. అరబ్బీ భాష మాటాడు జనుల హృదయములను అర్ధశతాబ్దము పాటు ఏలిన ఉమ్ కుల్సూమ్ ఆ పల్లెలో ఒక పేదయింట జన్మించెను. తండ్రి గ్రామపు మసీదులో ఇమాము. రాబడి చాలక ఆయన పెండ్లిండ్లలోను, పండుగలలోను భక్తిగీతములు పాడుచుండెను. అన్నకు తండ్రి నేర్పు పాటలను వినియే ఆ బాలిక కంఠస్థము చేసెను. ఆమె గాత్రమునకు తండ్రి ఆశ్చర్యపడి తన బృందములో చేర్చుకొనెను. కాని ఆడపిల్ల పదిమందియెదుట పాడుట గౌరవము కాదని తలచు కాలమది. అందుచే ఆయన ఆమెకు మగపిల్లవాని దుస్తులు తొడిగి పాడించెను.

1920 తరువాత కొలదికాలమునకు ఆ కుటుంబము కైరో నగరము చేరెను. నాగరికులు ఆమె కంఠమును మెచ్చిరి గాని పల్లెటూరి వాలకమును పరిహసించిరి. ఆమె కుంగిపోక సంగీతమును, సాహిత్యమును శ్రద్ధతో అభ్యసించెను. అందు ఆమెకు తోడ్పడినవాడు అహ్మద్ రామీ అను కవి. ఆయన కైరోలోని జాతీయ గ్రంథాలయమున ఉద్యోగి. పారిస్‌లో పారసీకము నేర్చి ఉమర్ ఖయ్యామును అరబ్బీలోనికి తెచ్చెను. దువ్వూరి రామిరెడ్డిగారి ‘పానశాల’ వలన తెలుగువారికి పరిచితుడైన ఖయ్యామే ఆయన. రామీ ఆమెచేత ప్రాచీన కవుల గ్రంథములు చదివించెను. ఆమె కొఱకు నూటికిపైగా పాటలు రచించెను.

తలాత్ హర్బ్ స్థాపించిన మిసర్ బ్యాంకు పక్షమున 1935లో మిసర్ స్టూడియో వెలసెను. దాని తొలి కథాచిత్రము 1936లో వెలువడిన ‘విదాద్’. కథ రామీది, నాయిక ఉమ్ కుల్సూమ్. ప్రియుడైన వర్తకుడు సర్వము కోల్పోగా, అతనిని ఆదుకొనుటకై తన్ను తాను అమ్ముకొమ్మనిన బానిసగాయని ప్రేమగాథ యది. ఒకనాడు మగవేషమున దాగిన బాలిక ఇట్లు స్త్రీహృదయపు వేదనను వెండితెరపై గానము చేసెను. మొత్తము ఆరు చిత్రములలో నటించి, 1947 తరువాత ఆ రంగమును వీడెను.

1934లో ప్రారంభమైన ఈజిప్టు రేడియో ఆమె పాటను పల్లెపల్లెకు చేర్చెను. నెలకొక గురువారము రాత్రి ఆమె కచేరీ వినుటకై జనులు రేడియోలచుట్టు గుమిగూడెడివారు. అక్షరము రానివారుసైతము మహాకవుల పద్యములను ఆమె నోటివెంట విని నేర్చుకొనిరి. 1967 యుద్ధమున దేశము పరాజయము పొందగా, దేశదేశముల కచేరీలు చేసి ఆ ధనమును స్వదేశమునకు అర్పించెను.

1975 ఫిబ్రవరి 3వ తేదీన ఆమె కైరోలో పరమపదించెను. లక్షలాది ప్రజలు అంతిమయాత్రలో పాల్గొని, శవపేటికను తమ భుజములపై మోసికొనిపోయిరి. గ్రంథాలయములోని కవిత్వము ఒక పల్లెపడుచు కంఠమున చేరి, పుస్తకము పట్టనెఱుగని కోట్లమందికి సొత్తయ్యెను. ఆమె జీవితమునకు ఇంతకు మించిన సార్థకత ఏమి కలదు?