భుజం జారితే జహ్రావీ చేసిన చికిత్స

చెయ్యి కాస్త పైకెత్తితే చాలు, భుజం కీలు తప్పే వారుంటారు. సరిచేసినా అది మళ్లీ మళ్లీ జారుతూనే ఉంటుంది. వెయ్యేళ్ల క్రితమే ఇలాంటి వారికి పెద్ద కోత లేని చికిత్సను వివరించిన వైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ.

స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరం చెంత ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936లో మదీనతుజ్జహ్రా నిర్మాణం ఆరంభించారు. ఆ ఊరి పేరే జహ్రావీ పేరులో నిలిచింది. ఆయన పుట్టుక కూడా సుమారు ఆ కాలంలోనే. మరణం 1013 ప్రాంతంలో. తన వైద్యానుభవాన్నంతా ఆయన 30 భాగాల 'అత్తస్రీఫ్' గ్రంథంలో పొందుపరిచారు. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్స గురించే. అందులో దాదాపు 200 పనిముట్ల బొమ్మలున్నాయి.

పదేపదే జారే భుజానికి ఆయన వాతలు పెట్టించేవారు. గ్రీకు వైద్యుల నుంచి వచ్చిన పద్ధతే ఇది. ముందుగా కీలును స్థానంలోకి నెట్టాలి. రోగిని పడుకోబెట్టి, చంకలోని చర్మాన్ని ఎడమచేతి వేళ్లతో పైకి లాగి పట్టుకోవాలి. రెండు మొనల ఇనుప పరికరాన్ని కాల్చి, ఆ చర్మం ఇవతలి నుంచి అవతలికి దింపాలి. నాలుగు వాతలు పడతాయి. కిటుకంతా చర్మాన్ని ఎత్తి పట్టడంలోనే ఉంది. చంకలో రక్తనాళాలు, నరాలు దగ్గరగా ఉంటాయి కదా! ఆ తర్వాత భుజం గట్టిపడే దాకా చెయ్యి కదపరాదు.

కీలులోని తేమ వల్లే భుజం జారుతుందని ఆనాటి వైద్యుల భావన. మానిన గాయం ముడుచుకొని కీలును బిగించి ఉంటుందని నేడు అనుకోవచ్చు.

శరీర నిర్మాణం తెలియని వారు కత్తి పట్టరాదని ఆయన శిష్యులను గట్టిగా హెచ్చరించారు. ఒక స్త్రీ మెడ మీది గడ్డను కోయబోయి, రక్తనాళాన్ని తెంచి ఆమె ప్రాణం తీసిన వైద్యుడి ఉదంతాన్ని దాచకుండా రాశారు.

12వ శతాబ్దంలో క్రెమోనా వాసి జెరార్డ్ ఈ శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించారు. 1497లో వెనిస్‌లో అది అచ్చయింది.

నేడు భుజానికి చిన్న రంధ్రాలు చేసి, సన్నని గొట్టంలోని కెమెరాతో లోపల చూస్తూ, చిరిగిన కీలు అంచును ఎముకకు కుట్టేస్తున్నారు. విచిత్రమేమిటంటే, 1990లలో వైద్యులు ఇలాంటి రంధ్రాల గుండానే వేడి పంపి కీలు సంచిని ముడిచే ప్రయత్నం చేశారు. చాలామందికి భుజం మళ్లీ జారింది, కొందరికి మృదులాస్థి దెబ్బతింది. దాంతో ఆ పద్ధతిని వదిలేశారు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చేతికి జోలె కట్టి కదలనీయకపోవడం మాత్రం నేటికీ ఉంది.