గుండె లోపాలను లెక్కకట్టిన డాక్టరమ్మ

గుండె ఆపరేషన్ కోసం ఛాతీ తెరిచాక, అనుకోని చోట ఓ పెద్ద సిర కనిపిస్తే? ఒంటి పైభాగం నుంచి చెడు రక్తాన్ని గుండెకు తెచ్చే పెద్ద సిర మామూలుగా కుడివైపే ఉంటుంది. తల్లి కడుపులో ఎడమవైపూ ఒకటి ఉండి, పుట్టేలోగా మూసుకుపోతుంది. వెయ్యి మందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి అది అలాగే మిగిలిపోతుంది. బాధేమీ ఉండదు కాబట్టి చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆపరేషన్ అప్పుడు మిగతా సిరల రక్తాన్ని యంత్రానికి మళ్లించినా, ఈ సిర రక్తం మాత్రం గుండెలోకి వస్తూనే ఉంటుంది. ఇలాంటి తేడాలుంటాయని ముందే తెలిసిన సర్జన్ తడబడరు. ఆ తెలివిడికి పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవలసింది కెనడా వైద్యురాలు మోడ్ అబట్ గురించే.

క్యూబెక్‌లోని ఓ పల్లెలో పుట్టారు. పసిగుడ్డుగా ఉండగానే తల్లి క్షయతో పోయింది. తండ్రి వెళ్లిపోయాడు. అమ్మమ్మే పెంచింది. మెక్‌గిల్ యూనివర్సిటీలో 1890లో డిగ్రీ చేశారు. డాక్టరు చదువుతానంటే ఆడపిల్లవని అదే యూనివర్సిటీ సీటివ్వలేదు. మాంట్రియల్‌లోనే ఉన్న బిషప్స్ కాలేజీలో చేరి 1894లో పట్టా తెచ్చుకున్నారు.

విచిత్రం ఏమిటంటే, కాదన్న మెక్‌గిల్లే 1898లో తన వైద్య మ్యూజియం పని అప్పగించింది. సీసాల్లో దాచిన గుండెలను ఒక్కొక్కటే పరీక్షించి, ఏది ఎందుకు తేడాగా ఉందో రాసుకుంటూ పోయారు. 1908లో 412 కేసులతో పెద్ద వ్యాసం అచ్చయింది. 1936లో వెయ్యి కేసులతో అట్లాస్ వచ్చింది. సిరలు దారి తప్పి గుండెను చేరిన కేసులూ అందులో ఉన్నాయి.

మెక్‌గిల్ ఆమెకు గౌరవ పట్టా ఇచ్చింది కానీ, పూర్తి ప్రొఫెసర్ హోదా ఇవ్వలేదు. 1940లో కన్నుమూశారు. గుండె-ఊపిరితిత్తుల యంత్రంతో తొలిసారి ఆపరేషన్ సఫలమైంది 1953లో. ఆ రోజు చూడటానికి ఆమె లేరు. ఆమె కట్టిన లెక్కలు మాత్రం సర్జన్ల చేతిలో ఉన్నాయి.

ఇందులో మనం పట్టుకోవలసిన మాట ఒకటుంది. మనకో, ఇంట్లోవాళ్లకో ఇలాంటి సిర ఉందని స్కాన్‌లో గానీ ఆపరేషన్‌లో గానీ తేలితే, ఆ రిపోర్టు పాస్‌పోర్టులాగే జాగ్రత్తగా దాచుకోవాలి. రేపు పేస్‌మేకర్ వైరు వేయాలన్నా, మెడ సిరలో గొట్టం పెట్టాలన్నా డాక్టరుకు అది ముందే చూపించాలి. ఊరు మారినా, దేశం మారినా మన గుండె మనతోనే వస్తుంది. దాని కాగితమూ వెంట ఉండాలి.