పంక్తి భోజనంతో కులాన్ని నిలదీసిన గోరా

చార్మినార్ : తెల్లవారుజామున ఇక్కడి సందుల్లో నహారీ దేగ్చీల మూతలు తీసే వేళకే చుట్టుపక్కల పల్లెల నుంచి కూరగాయలు మీరాలం మండికి చేరుకుంటాయి. సరుకు దించిన రైతు చాయ్ కోసం ఒక హోటలు ముందు ఆగుతాడు, ఇంకో హోటలు ముందు ఆగడు. బోర్డు చదవనక్కరలేదు, ఎక్కడ ఏం వండుతారో అతనికి తెలుసు. పెద్దకూర ఉడికే చోట కొందరు మంచినీళ్ళయినా ముట్టరు. అదే సందులో పందికూర మాట ఎత్తేవాడే ఉండడు. ఈ రెండు కూరలనూ ఒకే పూట, ఒకే పంక్తిలో వడ్డించి దేశమంతా చర్చ పుట్టించిన మనిషి ఒకరు మన తెలుగునాట ఉండేవారు. ఆయన గోపరాజు రామచంద్రరావు. గోరా అంటేనే జనానికి తెలుసు.

ఆయన మాంసం మీద మోజు పడి ఆ పని చేయలేదు. సనాతన బ్రాహ్మణ కుటుంబంలో 1902 నవంబరు 15న, ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఛత్రపురంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివారు. 1922లో సరస్వతమ్మగారితో పెళ్ళయింది, అప్పటికి ఆమెకు పదేళ్ళు. చదువు ముగిశాక మధుర, కోయంబత్తూరు, కొలంబోలలో కొలువులు చేసి కాకినాడ వచ్చేసరికి ఆయనకు జంధ్యం మీద నమ్మకం పోయింది. తీసేశారు. తండ్రిగారు ఇంట్లోంచి పొమ్మన్నారు, కులం వెలివేసింది. వెలి అంటే ఏమిటో మన పల్లెల్లో చెప్పనక్కరలేదు. పిలుపు ఉండదు, పక్కన విస్తరి ఉండదు. ఎదిగిన కొడుక్కి కులం వేసే మొదటి శిక్ష భోజనం దగ్గరే పడుతుంది. గోరాకు ఆ సంగతి పుస్తకాల్లో కాక సొంత కుటుంబంలో తెలిసింది.

గ్రహణం రోజున గర్భిణీ స్త్రీ కదలరాదని, ఏమీ తినరాదని అంటారు గదా. సరస్వతమ్మగారు నిండు గర్భిణిగా ఉండి గ్రహణం చూశారు. పిల్లలకు పెట్టిన పేర్లు కూడా ఊళ్ళో వాళ్ళకు వింతే. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. ఇంకో కొడుకు సమరం. తొమ్మిదో బిడ్డ పేరు నౌ, అంటే హిందీలో తొమ్మిది. పంచాంగం చూసి పెట్టిన పేరు ఒక్కటీ లేదు.

కాకినాడ పి.ఆర్. కళాశాల వారు 1933లో ఆయనను ఉద్యోగంలోంచి తీసేశారు. దేవుడనే భావన గురించి వ్యాసం రాయటమే కారణం. తరువాత బందరు హిందూ కళాశాలలో కొన్నాళ్ళు పాఠం చెప్పి, 1939లో ఆ కొలువుకూ దూరమయ్యారు. జీతం పోయింది, ఇంటినిండా పిల్లలు. 1940 ఆగస్టు 10న కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు.

ముదునూరు పున్నమి భోజనాలు

ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ముదునూరు ఘట్టం. పత్రికల్లో దాని గురించి పెద్దగా రాలేదు. గోరా అనగానే జనం గొడ్డుమాంసం సంగతే తలుచుకుంటారు, ముదునూరును మరిచిపోతారు.

నెలకోసారి పున్నమి రాత్రి అన్ని కులాల వాళ్ళూ కలిసి భోంచేసేవారు. పున్నమి ఎందుకంటే కరెంటు లేని రోజుల్లో వెన్నెలే దీపం. వంట ఆర్భాటంగా ఉండేది కాదు, ఖర్చు చాలా తక్కువ. వరసలో కూర్చున్నాక నీదే కులమని అడిగేవారు లేరు. అప్పట్లో మాలపల్లె, మాదిగపల్లెల వాళ్ళు ఊరి బావిలో చేద వేయటానికి వీల్లేదు. వాళ్ళ పక్కన కమ్మవారూ బ్రాహ్మలూ కూర్చుని తిన్నారంటే ఆ రాత్రి ఎందరిళ్ళలో గొడవలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఈ భోజనాల్లో మాంసం ప్రసక్తి లేదు. అన్నం, కూర, పక్కన మనిషి. అంతే.

స్వాతంత్ర్య పోరాటంలో 1942లో భార్యాభర్తలిద్దరూ జైలుకు వెళ్ళారు. 1944 చివర గోరా సేవాగ్రాం వెళ్ళి గాంధీజీని కలిశారు. దేవుడు లేడనే మనిషితో రాముడి భక్తుడికి ఏం మాటలుంటాయని చాలామంది అనుకున్నారు. గాంధీజీ ఓపికగా విన్నారు, వాదించారు, ముదునూరులో అంటరానితనం మీద జరుగుతున్న పని చూసి ఆయనను దగ్గరకు తీసుకున్నారు. తిండి విషయంలో గాంధీజీ కూడా సామాన్యులకు వింతగా తోచే మనిషే. మేకపాలు, ఉడకబెట్టిన కూరలు, ఉప్పు మానటం, 1929లో కొన్నాళ్ళు పచ్చి ఆహారమే తినటం, ఇవన్నీ ఆయన చేసి చూశారు. గాంధీజీ తిండిలో తన మనసును పరీక్షించుకున్నారు. గోరా ఊరి మనసును పరీక్షించారు. ఆ సంభాషణలన్నీ గోరా రాసిన పుస్తకంగా 1951లో నవజీవన్ ప్రచురణాలయం వేసింది.

పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్ళి నిశ్చయించినప్పుడు తన ఆశ్రమంలోనే చేయిస్తానని గాంధీజీ మాట ఇచ్చారు. ఆలోపు ఆయన హత్య జరిగిపోయింది. 1948 మార్చిలో సేవాగ్రాంలోనే ఆ పెళ్ళి జరిగింది. 1960లో లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను చేసుకున్నారు. సహపంక్తి మాటలు చెప్పి, పిల్లల పెళ్ళిళ్ళ దగ్గరకొచ్చేసరికి కులంలోకి తిరిగి నడిచిన పెద్దలను మనం ఎందరినో చూశాం. గోరా ఇంట్లో అది జరగలేదు.

1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని, మంత్రులు ఆడంబరాలు మానాలని 1961–62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీకి కాలినడకన వెళ్ళారు. 1100 మైళ్ళు, 99 రోజులు. ఎన్నికల్లో స్వతంత్రుడిగా నిలబడి ఓడిపోయారు కూడా. జనం దండం పెడతారు గాని ఓటు వేయరు.

తిండి గురించి ఆయనది ఇంకో పట్టు ఉంది. ఆకలి ఉన్న దేశంలో ప్రభుత్వ తోటల్లో పూలమొక్కలెందుకు, కూరగాయలు పెంచండి అని 1960ల చివర్లో ఉద్యమం నడిపారు. వృక్షశాస్త్రం చదివిన మనిషికి పువ్వంటే పగేమిటని వెక్కిరించారు. నా మట్టుకు నేను ఈ పట్టుతో ఏకీభవించను. బంతీ చామంతీ పండించి బతికే కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి, పూలు కూడా అన్నం పెడతాయి. అయితే పెరట్లో నాలుగు బెండ గింజలు వేసుకోమన్న మాటలో తప్పు లేదు.

1972 విందు

1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు నిండిన రోజున, విజయవాడలో ఆవుమాంసం, పందిమాంసం రెండూ వడ్డించే విందు ఏర్పాటు చేశారు. కబురు తెలియగానే నిరసనలు లేచాయి. అయినా నూరుమందికి పైగా పంక్తిలో కూర్చున్నారు. హిందువుగా పుట్టినవాడు ఒకటి, ముస్లిముగా పుట్టినవాడు రెండోది తిని, మతం గీసిన గీత దాటినట్టు చూపటం దాని ఉద్దేశం.

అసలు చర్చ ఇక్కడే. నాకు ఇష్టం లేని తిండి తిననంత మాత్రాన నేను కులపిచ్చివాడినా అని ఒక శాకాహారి అడిగితే తప్పేమిటి? గోరా వైపు నుంచి జవాబు ఉంది. ఇష్టం లేదంటే ఎవరూ కాదనరు. పాపమంటేనే పేచీ. వంకాయ నచ్చనివాడు వంకాయ తినేవాడిని వాకిట్లో నిలబెట్టడు. పెద్దకూర తింటారన్న మాట చెప్పి మాల మాదిగలను మాత్రం తరతరాలుగా ఊరి బయట ఉంచారు. దళితవాడకు ఆ కూర వింత కాదు. చార్మినార్ దగ్గర పేదవాడికి తక్కువ ధరలో దొరికే కల్యాణీ బిర్యానీ కూడా ఆ మాంసంతోనే చేస్తారు. విజయవాడలో వింత అంతా దాని ముందు కూర్చున్న మనుషుల్లోనే ఉంది.

కాని రెండో పక్కా చూడాలి. ఒకరి మనసు నొప్పించి సమానత్వం తేగలమా? మొండి మనిషికి మంచి మాటతో ఒకసారి తలుపు తెరవవచ్చు, కంచం చూపి భయపెడితే గడియ పెట్టుకుంటాడు. ముదునూరు భోజనాలకు రానివాడు కూడా, మరుసటి పున్నమికి రావచ్చునని అనుకునే వీలుంది. 1972 విందుకు రానివాడికి ఆ వీలు లేదు, అనుకూలమో వ్యతిరేకమో అక్కడికక్కడ తేలిపోయింది. అందుకే పున్నమి భోజనాలే పెద్ద పని అని నేనంటాను. ఈ మాట ఒప్పుకోని మిత్రులున్నారు. ముప్పయ్యేళ్ళు నెమ్మదిగా చెప్పినా హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి పోలేదని, అప్పుడు గట్టిగా అరవక ఏం చేస్తారని వాళ్ళు అడుగుతారు. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు.

ఆ వాదం ఆయనతో ముగియలేదు. 1977లో మన రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం వచ్చింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపితే ఘర్షణ చెలరేగింది. ఈసారి అడిగింది మతం విడిచిన బ్రాహ్మణుడు కాదు. ఆ కూర తింటూ పెరిగిన పిల్లలే మా ఇంటి తిండికి హాస్టల్లో చోటెందుకు లేదని అడిగారు. గోరా విందుకూ దీనికీ ఆ తేడా ఉంది.

1975 జూలై 26న విజయవాడలో ఒక బహిరంగ సభలో మాట్లాడుతూ ఉండగానే గోరా కుప్పకూలి కన్నుమూశారు. వయసు డెబ్బై మూడో ఏట నడుస్తోంది. ఆ తరువాత ముప్పై ఏళ్ళపాటు సరస్వతమ్మగారు పటమటలో ఆయన పని చూసుకున్నారు. 2006లో ఆమె పోయారు. పదేళ్ళప్పుడు తాళి కట్టించుకుని ఆ ఇంట అడుగుపెట్టిన ఆమె, పున్నమి రాత్రుల్లో ఆ పంక్తులకు అండగా నిలిచిన మనిషి. ఆమె గురించి వేరే రాయాలి.